వికీ ఎడిట్ పెట్టెలో ఎంటర్ కొట్టే ముందు: లైన్ ర్యాప్ అసలు కథ

సంక్రాంతికి గుడివాడ దగ్గర మా ఊరెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్నయ్యా, వికీలో మన ఊరి పేజీ ఉంది కదా, అందులో మురుగు కాలవ పేరు ఒక అక్షరం తప్పు పడింది. నేను సరిచేశా. రెండు రోజులకి చూస్తే మళ్లీ పాతదే ఉంది. ఎవడో తీసేశాడు" అన్నాడు. వాడికి బాగా కోపంగా ఉంది. పేరు మాత్రం వాడు పెట్టిందే కరెక్టు. ఆ కాలవ గట్టు మీదే మా పొలానికి దారి.

పేజీ చరిత్ర తెరిచి చూశాను. వాడు చేసిన మార్పు పక్కన ప్లస్ 96 బైట్లు అని ఉంది. ఒక్క అక్షరం మారిస్తే 96 బైట్లు ఎందుకు పెరుగుతాయి? తేడా నొక్కితే విషయం అర్థమైంది. ఎడమ పక్క పాత పేజీ అంతా పసుపు, కుడి పక్క కొత్త పేజీ అంతా నీలం. పేజీలో ఉన్న ప్రతి లైనూ మారినట్టే చూపిస్తోంది. అందులో మారిన ఆ ఒక్క అక్షరం ఎక్కడుందో నాకే ఐదు నిమిషాలు పట్టింది, అదీ ఏం వెతకాలో తెలుసు కాబట్టి. దిద్దుబాటు సారాంశం ఖాళీ. పేజీ మధ్యలో బూడిద రంగు పెట్టెలు. ఆ పేజీ చూసుకునే మనిషి 'ఎవరో ఫార్మాటింగ్ చెడగొట్టారు' అనుకుని వెనక్కి తిప్పేశాడు. ఆ ప్లేసులో నేనున్నా అదే చేసేవాణ్ని.

ఇంతకీ మావాడు చేసింది ఏంటంటే, ఫోన్ స్క్రీన్ మీద లైన్లు ఎగుడుదిగుడుగా కనిపిస్తున్నాయని ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టుకుంటూ వెళ్లాడు. ఎనభై సార్లు. స్కూల్ నోట్‌బుక్కులో రాసినట్టు నాలుగు పేరాలకీ మొదట్లో నాలుగేసి స్పేసులు ఇచ్చాడు. ఎనభై, పదహారు కలిపితే తొంభై ఆరు. కాలవ పేరులో అక్షరానికి అక్షరం మారింది కాబట్టి దాని లెక్క సున్నా.

వికీలో కొత్తగా చేరిన చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కోడింగ్ వచ్చినవాళ్లు కూడా. అందుకే ఈసారి రివ్యూ పక్కన పెట్టి లైన్ ర్యాప్ గురించి రాస్తున్నా.

తెర మీద లైను వేరు, లోపలి లైను వేరు

బ్రౌజర్‌లో మనం టైప్ చేసే పెద్ద పెట్టెని టెక్స్ట్ ఏరియా అంటారు. పెట్టె వెడల్పు అయిపోగానే బ్రౌజర్ మాటల్ని కింది వరుసలోకి దించుతుంది. ఇది కళ్లకి మాత్రమే. లోపల టెక్స్ట్‌లో ఏమీ చేరదు. దీన్ని సాఫ్ట్ ర్యాప్ అంటారు. మీరు ఎంటర్ కొడితే మాత్రం టెక్స్ట్‌లో నిజంగా ఒక క్యారెక్టర్ చేరుతుంది, అది సేవ్ అవుతుంది. ఇది హార్డ్ ర్యాప్.

హెచ్‌టీఎంఎల్‌లో ఈ పెట్టెకి ర్యాప్ అనే ఒక అట్రిబ్యూట్ ఉంది. దాన్ని 'హార్డ్' అని పెడితే, పంపేటప్పుడు బ్రౌజరే ప్రతి వరుస చివరా లైన్ బ్రేక్ చేర్చి పంపుతుంది. ఏమీ పెట్టకపోతే 'సాఫ్ట్' అని అర్థం. వికీలు సాఫ్టే వాడతాయి. కాబట్టి మీరు ఎంటర్ ముట్టుకోకపోతే, ఎంత పొడుగు పేరా అయినా లోపల అది ఒకే ఒక్క లైను.

ఇప్పుడు గ్యాడ్జెట్ భాషలో చెప్తా. మీ దగ్గర ఫోల్డ్ ఫోన్ ఉందనుకోండి. మూసి ఉన్నప్పుడు వరుసకి నాలుగు తెలుగు మాటలు పడతాయి. తెరిస్తే ఎనిమిది తొమ్మిది పడతాయి. అదే పేజీని ఆఫీసులో 27 అంగుళాల మానిటర్ మీద ఇంకొకరు తెరుస్తారు. వరుస ఎక్కడ తిరగాలో స్క్రీన్‌ని బట్టి బ్రౌజరే తేల్చుకుంటుంది. మీ ఫోన్ వెడల్పుకి సరిపోయేలా మీరు సర్దిన వరుసలు వాళ్లెవరికీ పనికిరావు.

మరి వరుస చివర ఎంటర్ కొట్టే అలవాటు ఎక్కడ నుంచి వచ్చింది? 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డుకి 80 నిలువు వరుసలు. తర్వాత వచ్చిన టెర్మినళ్లు అదే కొలత పట్టుకున్నాయి, 1978 నాటి వీటీ 100 కూడా వరుసకి 80 అక్షరాలే. ఈమెయిల్ ప్రమాణాల్లో ఇప్పటికీ లైను 78 అక్షరాలు దాటకపోతే మంచిదనే మాట ఉంది. గిట్‌లో కమిట్ మెసేజ్ 72 దగ్గర విరిచే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ అలవాటు కోడ్‌లో మంచిదే. వికీలోకి మాత్రం దాన్ని తీసుకురావద్దు.

వికీకి ఎంటర్ అంటే ఏంటి?

మీడియావికీ సాఫ్ట్‌వేర్‌కి ఒక్క ఎంటర్ అంటే మామూలు పేరాలో స్పేసుతో సమానం. రెండు ఎంటర్లు, అంటే మధ్యలో ఒక ఖాళీ లైను ఉంటే, కొత్త పేరా. మార్క్‌డౌన్ వాడినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

'ఒక్క ఎంటర్‌ని ఎలాగూ పట్టించుకోదు కదా, కొడితే నష్టమేంటి?' అని మావాడు అడిగాడు. మంచి ప్రశ్నే. నష్టం పాఠకుడికి కాదు, తర్వాత ఎడిట్ చేసేవాళ్లకి. వికీ తేడా చూపించేది లైను లెక్కన. ముందు పాత లైన్లకీ కొత్త లైన్లకీ జత కుదురుస్తుంది, ఆ తర్వాత ఆ లైను లోపల మారిన మాటల్ని ముదురు రంగులో చూపిస్తుంది. పేరా ఒకే లైనుగా ఉంటే మీరు మార్చిన ఒక్క మాటా చక్కగా మెరుస్తుంది. అదే పేరాని ఇరవై ముక్కలు చేస్తే జత కుదరదు. మొత్తం తీసేసి మొత్తం మళ్లీ రాసినట్టు చూపిస్తుంది. ఎవరు ఎప్పుడు ఏ మాట చేర్చారో తర్వాత వెతుక్కోవడం కూడా అక్కడితో తెగిపోతుంది. పదిమంది కలిసి రాసే చోట చరిత్ర పేజీయే సాక్ష్యం. దాన్ని పాడుచేస్తే నిజమైన దిద్దుబాటు కూడా చెత్తతో కలిసి పోతుంది, కాలవ పేరు పోయినట్టు.

పేరా బయట అయితే ఒక్క ఎంటర్‌తో పేజీయే విరిగిపోతుంది. చుక్కల జాబితాలో ఒక అంశం మధ్యలో ఎంటర్ పడితే మిగతా ముక్క జాబితా బయటకి వచ్చి మామూలు పేరాగా నిలబడుతుంది. అంకెల జాబితాలో రెండు అంశాల మధ్య ఖాళీ లైను వదిలితే లెక్క మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. శీర్షికకి రెండు వైపులా పెట్టే సమానం గుర్తులు ఒకే లైనులో ఉండాలి. డబుల్ బ్రాకెట్లలో పెట్టే వికీ లింకులో పేజీ పేరు మధ్య ఎంటర్ పడితే అది లింకే కాదు, బ్రాకెట్లు అలాగే కనిపిస్తాయి. బయటి వెబ్‌సైట్ లింకూ అంతే. బొద్దు అక్షరాల కోసం మూడు అపాస్ట్రఫీలు పెడతాం కదా, ఆ బొద్దు లైను చివరకి రాగానే దానంతటదే ఆగిపోతుంది. 'సగం బొద్దుగా వచ్చింది, సగం రాలేదు, బగ్గా?' అని అడిగేవాళ్లలో సగం మందికి మధ్యలో ఒక ఎంటర్ ఉంటుంది.

ఎంటర్ ఉండి తీరాల్సిన చోట్లూ ఉన్నాయి. పట్టికలో ప్రతి అడ్డు వరుసా కొత్త లైనులోనే మొదలవ్వాలి. సమాచారపెట్టెలో మండలం, జిల్లా, జనాభా లాంటివి ఒక్కో లైనులో ఒక్కోటి రాస్తారు. అది సాఫ్ట్‌వేర్ కోసం కాదు, మన కళ్ల కోసం. పేరు పెట్టి ఇచ్చే విలువలకి అటూ ఇటూ ఉన్న స్పేసులూ ఎంటర్లూ మూస తనే కత్తిరించేస్తుంది.

లైను మొదట్లో ఒక్క స్పేసు

బూడిద రంగు పెట్టెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు చూద్దాం. వికీలో లైను స్పేసుతో మొదలైతే, 'దీన్ని ఉన్నది ఉన్నట్టు చూపించు' అని అర్థం. కోడ్ చూపించడానికి పెట్టిన సదుపాయం అది. కాబట్టి ఆ లైను మామూలు పేరాలా ర్యాప్ అవ్వకపోవచ్చు. అలాంటప్పుడు ఫోన్‌లో చూస్తే పేరా స్క్రీన్ అంచు దాటి కుడి వైపుకి పోతూనే ఉంటుంది, చదవాలంటే వేలితో పక్కకి లాగుతూ ఉండాలి. మావాడి విషయంలో ప్రతి లైనుకీ ఎంటర్ ఉంది కాబట్టి మొదటి వరుస మాత్రమే పెట్టెలో పడింది, మిగతా పేరా దాని కింద మామూలుగా వచ్చింది. చూడ్డానికి ఇంకా వింతగా ఉంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే పేరా మొదట ఖాళీ వదలడం అచ్చు పుస్తకాల పద్ధతి.

వాట్సాప్ నుంచి తెచ్చి అతికించేవాళ్లకి ఇంకో రకం సమస్య. అక్కడ బొద్దు కోసం పెట్టిన నక్షత్రం గుర్తు లైను మొదట్లో ఉంటే ఇక్కడ చుక్కల జాబితా అవుతుంది. హ్యాష్‌ట్యాగ్ లైను మొదట్లో ఉంటే అంకెల జాబితా. కోలన్ ఉంటే లైను లోపలికి జరుగుతుంది. వికీలో లైను మొదటి అక్షరానికి ఉన్నంత పవర్ ఇంక దేనికీ లేదు.

తెలుగు పాఠ్యంతో అసలు తలనొప్పి

ఇప్పటిదాకా చెప్పింది ఏ భాషకైనా వర్తిస్తుంది. తెలుగుకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇంగ్లీషు పుస్తకంలో లైను చివర మాట పట్టకపోతే హైఫన్ పెట్టి విరుస్తారు. తెలుగు అచ్చులో, ముఖ్యంగా పాత పుస్తకాల్లోనూ పేపర్ల ఇరుకు కాలమ్స్‌లోనూ, చాలా చోట్ల హైఫన్ ఉండదు. అక్షరం పూర్తయితే చాలు, మాట మధ్యలోనే కింది వరుసలోకి దిగిపోతారు. 'విజయ' పై వరుసలో, 'వాడలో' కింది వరుసలో. తెలుగు చదివేవాడికి ఇబ్బంది ఉండదు, కన్ను తనే కలుపుకుంటుంది. మచిలీపట్నం నుంచి 1902లో మొదలైన కృష్ణాపత్రిక లాంటి పత్రికల దగ్గర్నుంచి విజయవాడ ప్రచురణకర్తలు వేసిన పుస్తకాల దాకా, మన డెల్టాలో అచ్చయిన ఎంతో సరుకు ఇప్పుడు స్కాన్ల రూపంలో తిరుగుతోంది. వాటిని ఓసీఆర్ చేస్తే స్కాన్‌లో ఎన్ని వరుసలుంటే టెక్స్ట్‌లో అన్ని ఎంటర్లు వస్తాయి. అది తీసుకెళ్లి వికీలో అతికిస్తే ప్రతి ఎంటరూ స్పేసు అవుతుంది. 'విజయవాడలో' కాస్తా 'విజయ వాడలో' అయి కూర్చుంటుంది.

చూడ్డానికి చిన్న తప్పే. కానీ వెతికితే దొరకదు. 'విజయవాడ' అని వెతికినవాడికి ఆ పేజీ తగలదు. స్పెల్ చెక్కర్‌కి 'విజయ' కరెక్టే, 'వాడలో' కూడా కరెక్టే, కాబట్టి అది కూడా పట్టుకోదు. రాసిన మనిషి కూడా రెండోసారి చదువుతూ కన్నుతో కలిపేసుకుంటాడు. అలా ఆ తప్పు ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

కాబట్టి 'ఎంటర్లన్నీ తీసేసి స్పేసు పెట్టు' అని ఇంగ్లీషువాళ్లు చెప్పే చిట్కా మనకి సగమే పనిచేస్తుంది. నేను చేసే పద్ధతి ఇది. ముందు ఆ టెక్స్ట్‌ని వికీలో కాకుండా విడిగా ఏదైనా టెక్స్ట్ ఎడిటర్‌లో పెట్టండి. ఇది ముఖ్యం, ఎందుకంటే వికీ పేజీ మొత్తం మీద ఎంటర్లు తీసేస్తే పట్టికలు, సమాచారపెట్టె అన్నీ పోతాయి. రెండు ఎంటర్లు పక్కపక్కన ఉన్న చోట, అంటే నిజమైన పేరా విరుపు ఉన్న చోట, టెక్స్ట్‌లో ఎక్కడా లేని ఒక గుర్తు పెట్టండి, రెండు ఎట్ గుర్తులు లాంటిది. ఇప్పుడు మిగిలిన ఒంటరి ఎంటర్లన్నిటినీ స్పేసుతో కాకుండా ఒక నిలువు గీతతో మార్చండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వచ్చినవాళ్లకి ఇది రెండు లైన్ల పని.

ఇప్పుడు ఆ నిలువు గీతల సంగతి. తెలుగు లిపే ఇక్కడ మనకి సాయం చేస్తుంది. గీత తర్వాత అచ్చు ఉంటే, అంటే అ, ఆ, ఇ, ఈ లాంటివి, అక్కడ దాదాపు ఖచ్చితంగా కొత్త మాట మొదలవుతోంది. తెలుగు మాట మధ్యలో అచ్చు విడిగా రావడం చాలా అరుదు, కొన్ని ఇంగ్లీషు మాటల్లో తప్ప. కాబట్టి అక్కడ స్పేసు. గీత ముందు ఫుల్‌స్టాప్, కామా, ప్రశ్నార్థకం ఉంటే అక్కడా స్పేసే. గీత తర్వాత గుణింతపు గుర్తు ఒక్కటే వేలాడుతూ ఉంటే అది ఓసీఆర్ చేసిన పొరపాటు, స్పేసు లేకుండా కలిపేయాలి. ఈ మూడూ మెషిన్ చేయగలదు. మిగిలేవి హల్లుతో మొదలయ్యే వరుసలు. 'లో', 'కు', 'ని', 'లు' లాంటి ముక్కతో వరుస మొదలైతే పై మాటకి తోకే అయ్యుంటుంది, కానీ గుడ్డిగా నమ్మొద్దు. ఇక్కడ కళ్లతో చదవాల్సిందే. గీత కనిపిస్తుంది కాబట్టి కన్ను మోసపోదు. స్పేసు బదులు గీత పెట్టమన్నది అందుకే. చివరగా రెండు ఎట్ గుర్తుల్ని మళ్లీ ఖాళీ లైనుగా మార్చి అప్పుడు వికీలోకి తీసుకెళ్లండి.

ఒక మాట. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ అయితే కాపీ చేసినప్పుడు తెలుగే రాదు, పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని తర్వాత ఈ పని మొదలుపెట్టండి. కాపీరైట్ ఉన్నదాన్ని అతికించొద్దని వేరే చెప్పక్కర్లేదు కదా.

వికీసోర్స్‌లో పనిచేసేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. అక్కడ స్కాన్‌లోని ఒక్కో పుటకీ ఒక్కో పేజీ ఉంటుంది, వాటిని కలిపి అధ్యాయంగా చూపిస్తారు. రెండు పుటల మధ్య సాఫ్ట్‌వేర్ ఒక స్పేసు పెడుతుంది. పుట చివర మాట విరిగి, పక్క పుటలో మిగతా సగం ఉంటే మళ్లీ పాత కథే. దీనికి మందు ఉంది. పుట చివర హైఫన్ ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ హైఫన్ తీసేసి రెండు ముక్కల్నీ కలిపేస్తుంది. అంటే అచ్చు వేసినవాడు పెట్టని హైఫన్‌ని మీరు పెట్టాలన్నమాట. పద్యాలైతే రూల్ తిరగబడుతుంది. వేమన పద్యంలో ఏ పాదం ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాలి. అక్కడ పోయెమ్ అనే ట్యాగ్ మధ్యలో పెడితే మీరు కొట్టిన ప్రతి ఎంటర్‌నీ వికీ గౌరవిస్తుంది. శతకాలని వచనంలా ఒకే పేరాగా కలిపేసిన పేజీలు చూశాను. అది కూడా పాపమే.

కనిపించని అక్షరాలు

తెలుగులో 'బ్రౌజర్‌లో' అని రాసేటప్పుడు ర పొల్లుకీ లో కీ మధ్య ఒక కనిపించని క్యారెక్టర్ ఉంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సి. అది లేకపోతే 'బ్రౌజర్లో' అని వత్తు పడుతుంది. దీని దగ్గర లైను విరగదు, భయం లేదు. దీని పక్క నంబరు 200బి మాత్రం జీరో విడ్త్ స్పేస్. అదీ కనిపించదు, కానీ అక్కడ లైను విరగొచ్చు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసేటప్పుడు అప్పుడప్పుడు అంటుకుని వస్తుంది. మాట చూడ్డానికి బాగానే ఉన్నా వెతుకులాటలో దొరకదు, ఫోన్‌లో వింత చోట తిరుగుతుంది. అనుమానం వస్తే ఆ మాట మొత్తం చెరిపి మళ్లీ టైప్ చేయడమే సులువు.

పెట్టెలో పట్టనంత పొడుగు మాట వస్తే బ్రౌజర్ మాట మధ్యలోనే విరుస్తుంది. తెలుగు సమాసాలకి ఇరుకు సమాచారపెట్టెలో ఇది తరచూ జరుగుతుంది. ఎక్కడ విరవాలి అన్నది యూనికోడ్ చెప్పే అక్షర సరిహద్దుల్ని బట్టి ఉంటుంది. పాత లెక్కలో 'కృష్ణా' అంటే కృ, ష్, ణా అని మూడు ముక్కలు. కాబట్టి 'కృష్' పైన, 'ణా' కింద పడే వీలుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి ఈ నియమం మార్చారు. ఇప్పుడు ష్ణా ఒకే ముక్క. మీ బ్రౌజర్ పాతదైతే పాత లెక్కే నడుస్తుంది. వికీలో మీరు చేసేదేం లేదు, అప్‌డేట్ చేసుకోవడం తప్ప. దాన్ని సరిచేద్దామని మాట మధ్యలో స్పేసు మాత్రం కొట్టొద్దు.

విరగకూడని చోటు కూడా ఒకటుంది. ప్రకాశం బ్యారేజి పొడవు 1,223 మీటర్లు అని రాస్తే, అంకె పై వరుసలో, 'మీటర్లు' కింది వరుసలో పడటం బాగోదు. అక్కడ మామూలు స్పేసు బదులు నాన్ బ్రేకింగ్ స్పేసు కోడ్ పెట్టొచ్చు. పేజీలో రెండు మూడు చోట్ల అయితే సరే. ప్రతి అంకెకీ పెడితే సోర్సు చదవడానికి ముళ్లకంపలా తయారవుతుంది. నేనైతే సమాచారపెట్టెలో తప్ప పెట్టను.

ఏది ఎంటర్, ఏది ర్యాప్: ఎలా కనిపెట్టాలి?

ఫోన్‌లో అయితే ఎడిట్ పెట్టె తెరిచి ఫోన్‌ని అడ్డంగా తిప్పండి. కొత్త వెడల్పుకి సర్దుకున్న వరుసలు సాఫ్ట్. తిప్పినా పొట్టిగా అలాగే ఆగిపోయినవి హార్డ్, అక్కడ ఎవరో ఎంటర్ కొట్టారు. ల్యాప్‌టాప్‌లో విండోని చిన్నది పెద్దది చేసి చూడండి. యాప్ అక్కర్లేదు, ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు.

ఇంకొంచెం సీరియస్‌గా ఎడిట్ చేస్తారా? అయితే ఎడిట్ పెట్టె పైన టూల్‌బార్‌లో హైలైటర్ పెన్ గుర్తు నొక్కండి. కోడ్‌మిర్రర్ ఆన్ అవుతుంది, వికీ కోడ్‌కి రంగులు వస్తాయి. లైన్ నంబర్లు కూడా పెట్టుకుంటే పని ఇంకా సులువు. ఒక పేరా పది వరుసలు పట్టినా నంబరు ఒక్కటే ఉందంటే అది ఒకే లైను. ప్రతి వరుసకీ నంబరు ఉందంటే ఎవరో ఎంటర్లు కొట్టారని తెలిసిపోతుంది.

విజువల్ ఎడిటర్ వాడితే ఈ గొడవ చాలావరకు ఉండదు, ఎందుకంటే అందులో ఎంటర్ కొడితే నేరుగా కొత్త పేరా వస్తుంది. ఒక మాట సరిచేయడానికి కొత్తవాళ్లకి నేను అదే చెప్తా. కానీ పట్టికలు, మూసలు, వికీసోర్స్ పుటల దగ్గరకొచ్చేసరికి సోర్సులోకి దిగక తప్పదు. పెద్ద పేజీని ఫోన్‌లో మొత్తంగా తెరవకండి, విభాగం పక్కనున్న పెన్సిల్ నొక్కి ఆ విభాగం ఒక్కటే తెరవండి. వెనకటికి కొన్ని బ్రౌజర్లు ఈ పెట్టెలో 32 కిలోబైట్లు దాటితే చేతులెత్తేసేవి, అందుకే వికీపీడియాలో పేజీ సైజు గురించి హెచ్చరికలు ఉండేవి. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి మూడు బైట్లు. 'విజయవాడ' అన్న మాటే 21 బైట్లు. అంటే ఇంగ్లీషువాడికి 32 వేల అక్షరాలు పట్టే పెట్టెలో మనకి పదకొండు వేల లోపే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైన కొత్తలో రాసినవాళ్లు అలాంటి బ్రౌజర్లతో కూడా నెట్టుకొచ్చారు. దాని పదేళ్ల పండగ 2014 ఫిబ్రవరిలో మన విజయవాడలోనే, కేబీఎన్ కాలేజీలో జరిగింది. ఆ రోజుల్లో ఫోన్‌లో వికీ ఎడిట్ చేయడమంటే పెద్ద సాహసం. ఇప్పుడు ఆరంగుళాల ఫోనే చాలామందికి మొదటి కంప్యూటర్. అందుకే ఎంటర్ల బెడద ఇప్పుడు ఇంకా ఎక్కువ.

ఎవరైనా ఇప్పటికే ఎంటర్లు కొట్టేసిన పేజీ మీకు దొరికితే, సర్దండి. కానీ సర్దుబాటునీ సమాచారం మార్పునీ ఒకే దిద్దుబాటులో కలపకండి. మొదట లైన్లు మాత్రమే కలిపి, సారాంశంలో 'లైన్ బ్రేకులు సరిచేశాను, మాటలేవీ మార్చలేదు' అని రాసి ప్రచురించండి. సమాచారం తర్వాత విడిగా.

మావాడితో అదే చేయించాను. వెనక్కి తిప్పిన పేజీలో ఎంటర్లు లేవు కాబట్టి సర్దే పని లేకపోయింది. ఆ విభాగం ఒక్కటే తెరిచి, కాలవ పేరులో ఆ ఒక్క అక్షరం మార్చాడు. ఎంటర్ మీదకి వేలు వెళ్లబోయి ఆగింది. మునుజూపు చూశాడు. సారాంశంలో 'కాలవ పేరు సరిచేశాను' అని రాశాడు. ఆ పేరు అచ్చులో ఉన్న ఆధారం కూడా ఇవ్వమన్నాను గానీ అది వెతకడానికి వాడికి ఇంకో రోజు పట్టింది. ప్రచురించాక చరిత్రలో మార్పు పక్కన 0 అని పడింది. తేడాలో ఒక్క మాట మాత్రం ముదురు నీలంలో ఉంది. వారం తర్వాత కూడా అలాగే ఉంది.